గొంతుకు కాచిన కషాయం

అర్దియాలోని ఆ ఇంటి వెనక మెట్ల మీద మొదట చెప్పు ఈడ్చిన చప్పుడు వచ్చేది. ఒక అడుగు పడేది, రెండోది రాసుకుంటూ దాని వెంట దిగేది. ఆ తర్వాత గురమ్మ. రాయచోటి వైపు మనిషి, ఆ ఇంట్లో వంట చేసేది. నేను కూరగాయలు దింపుతుంటే నాలుగు తెలుగు మాటల కోసం తలుపు దగ్గర నిలబడేది. ఇదంతా అక్కడే ముక్కలుగా విన్నాను.

ఇరాక్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించిన ఆగస్టులో ఇంటి యజమాని, ఆమె బాబా అనే ఆయన, బయటి దేశంలో ఉండిపోయాడు. తెలుగువాళ్లు బస్సులెక్కి ఎడారిలోకి కరిగిపోతున్నారు. గురమ్మ తన పాస్‌పోర్టు అడిగింది. ఆమె మామా అని పిలిచే ఇంటావిడ నౌరియా ఇవ్వలేదు.

"ఇప్పుడు పోవద్దు. మా ఆడవాళ్లకు సౌత్ రానీ, నా చేత్తోనే ఇస్తాను."

గురమ్మకు వచ్చిన వంటింటి అరబ్బీలో సౌత్ అంటే గొంతు. ఆడవాళ్ల ఊరేగింపులో అరిచి అరిచి మామా గొంతు అప్పటికే బొంగురుపోయింది. అందుకని మిరియాల కషాయం కాచింది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కాచింది. చివరికి మామా స్నేహితురాళ్లు గ్లాసులు పట్టుకుని పడిపడి నవ్వారు.

"గొంతు కాదే పిచ్చిదానా, ఓటు! యుద్ధంలో ఇంత చేశాక మగవాళ్లు కాదనలేరు."

"ఓటా? నేను ఊర్లో మూడుతూర్లు ఏసినా గదా మామా!"

నవ్వు ఆగిపోయింది. "అంత తెలిసినదానివైతే ఈ కాగితాలు నువ్వే పట్టుకెళ్లు" అంది ఒకామె.

పనిమనిషిని సైనికులు పట్టించుకోరని వాళ్ల నమ్మకం. సైన్యాన్ని ధిక్కరించే కరపత్రాలు కుచ్చిళ్లలో దోపుకుని గురమ్మ షర్క్ పేట దాకా పోయేది. ఒక ఉదయం కాపలా దగ్గర తుపాకీ మడమ ఆమె మోకాలి మీద పడింది. కాగితాలు మాత్రం జారలేదు.

యుద్ధం ముగిసింది. బాబా తిరిగొచ్చాడు. మరుసటి ఏడు ఎన్నికలు వచ్చాయి, మగవాళ్లకే. ఓట్లు వేసే బడి బయట, ఆడవాళ్లకూ ఓటు కావాలని రాసిన అట్ట పట్టుకుని నిలబడి, మామా ఎండకు కమిలి ఇంటికొచ్చింది. గురమ్మ నీళ్లిచ్చి పాస్‌పోర్టు అడిగింది.

"బాబానడుగు. నాకే సౌత్ లేదు, నీకేం ఇప్పిస్తాను?"

"బీగాలు నీ తావనే ఉండాయి గదా మామా."

మామా తాళాలున్న చేతిసంచిని ఒళ్లోకి లాక్కుని, మొహం పక్కకు తిప్పుకుంది. బాబా అయితే వినకుండానే ఖలాస్, ఇక చాలు అన్నాడు.

నాకు షువైఖ్ గ్యారేజీలో పని దొరికింది. ఆఖరిసారి గంప దింపుతూ ఊరి సంగతులడిగాను.

"మొన్న ఊర్లో ఎలచ్చన్లు అయినాయంట నాయనా. నా ఓటు ఎవురో ఏసేసుంటారులే. కొత్తిమీర యాడ పెట్టినావు? అది లేకుంటే మామాకు ముద్ద దిగదు."