పాసైనవాళ్ల పరారీ

నా ఉద్యోగానికి ఎసరు పెట్టడానికి శత్రువులెవరూ అక్కర్లేదు, నేనొక్కణ్ణే చాలునని ఇరవై రెండో ఏటనే నిరూపించాను. ఎలాగంటారా? చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో లేచిపోకండి.

యుద్ధం రోజులు. అమీర్‌పేటలో మా క్రైస్తవుల బడి ఒకటుండేది, దానికి సర్కారు గ్రాంటు. నేను కొత్త పంతుల్ని, ఇంకా ఖాయం కాలేదు. ఇన్‌స్పెక్టరు బడి చూసి సరేనంటే ఖాయం, లేదంటే ఇంటికి. ఇంట్లోనేమో అమ్మ నాకు పిల్లను చూసి పెట్టింది. పిల్ల తండ్రి మాత్రం "నౌకరీ ఖాయమైనంకనే ప్రధానం" అని, నిశ్చితార్థానికి ఒప్పుకోక భీష్మించుకున్నాడు.

ఆ ఏడు పైనుంచి హుకుం వచ్చింది. ప్రతి బడీ పరీక్ష ఫలితాలు రాసి పంపాలట, ఒక నకలు ఊళ్లో అందరికీ తెలిసేలా ప్రకటించాలట. మా హెడ్‌మాస్టరు జ్ఞానరత్నంగారు గుంటూరు వైపు మనిషి. కాగితం నా చేతికిచ్చి, "తలుపుకి అంటించెయ్యవయ్యా, చాలు" అన్నారు.

గంజి పూసి అంటించాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఎవరెవరు చదువుతారో చూడాలని కిటికీ వెనక నిలబడ్డాను. ప్రతిదీ తెలుసుకోవాలనే జబ్బు నాది. సాయంత్రం దాకా ముగ్గురొచ్చారు. ఒకాయన ఆ కాగితం మీద చెయ్యి ఆనించి కాల్లో ముల్లు తీసుకున్నాడు. ఒకావిడ ఎందుకైనా మంచిదని దండం పెట్టి పోయింది. మూడో శాల్తీ మేక. గంజి వాసనకు వచ్చి, మూడో తరగతి ఫలితాలు సగం తినేసింది.

"ఎవ్వరు చదువుతలేరు సార్. అందరికి ఎర్కగావాలె అని హుకుం ఉన్నది గద?" అన్నాను.

"తెలియకపోతే నీకేంటయ్యా నష్టం?"

"రేపు ఇన్‌స్పెక్టర్ సాబ్ అడిగితే?"

ఆయన గతుక్కుమన్నారు. నేను తిన్నగా డప్పు మల్లయ్య దగ్గరికి నడిచాను. ఊళ్లో ఏ సర్కారు మాటకైనా చాటింపు వేసేది అతనే. ఇరవై ఆరుగురిలో పంతొమ్మిది మంది పాసయ్యారు. ఫెయిలైన ఏడుగురి పరువు వీధిలో తీయడమెందుకని పాసైనవాళ్ల పేర్లే చెప్పాను. మల్లయ్య ఒక్కసారి విని అన్నీ గడగడా అప్పజెప్పాడు. ఆ జ్ఞాపకశక్తి మా బడిలో ఒక్కడికైనా ఉంటేనా!

"మల్లన్నా, రేపు ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తుండు. పిల్లలు తప్పకుంట రావాలె. గది సుత చెప్పు."

"నాకు ఇడిసిపెట్టు పంతులూ. నువ్వు ఫికర్ జెయ్యకు."

నేను ఫికర్ చెయ్యవలసింది సరిగ్గా అక్కడే! పంజాగుట్ట దాకా డప్పు మోగుతుంటే, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారి టాంగా వచ్చి ఆగింది. బడిలో చూస్తే ఏడుగురే పిల్లలు. ఏ ఏడుగురో తెలుసా? ఫెయిలైన ఏడుగురూ! తలకు నూనె రాసుకుని, బుద్ధిగా కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు ఫలితాల కాగితం చూశారు. "పంతొమ్మిది మంది పాస్! మస్తుగున్నది. జర ఒక్క పాసైనోన్ని నిలబెట్టుండ్రి."

ఎవరూ లేవలేదు. ఆయన ముందు వరసలోవాణ్ణి అడిగారు. "ఏడెనిమిదులెంత?"

"యాభై ఉంటది సార్, అటిటు."

ఆయన నా వైపు తిరిగారు. "ఈ పాసైనోళ్లు నిజంగ ఉన్నరా? లేకుంటె కాయితం మీదనే పుట్టిన్రా?"

దొంగ లెక్కలని తేలితే గ్రాంటు పోతుంది, నేను పోతాను, నా ప్రధానమూ పోతుంది. జ్ఞానరత్నంగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశారు. ఇంతలో వెనక వరస నుంచి యాకోబు అనేవాడు లేచాడు.

"ఆళ్లందరు ఉరికిన్రు సార్. కొందరు సోమాజిగూడ, కొందరు లక్డీకాపూల్. చుట్టాలిండ్లల్ల దాక్కున్నరు."

"ఎందుకురా?"

"నిన్న డప్పు కొట్టి పేర్లు చదివిండు గద సార్. 'పాసైన ఈ పేర్లోళ్లు రేపు పొద్దుగాల బడికాడ హాజరు గావాలె, సర్కారు సాబ్ వస్తుండు, రాకుంటె మంచిగుండది' అన్నడు. పాసైనోళ్లను పటాలంల ఏసి లడాయికి పట్కపోతరంట. మాకేం ఫికర్ లేదు సార్, మేం ఫెయిలైనం!"

ఇన్‌స్పెక్టరు గారు టోపీ తీసి బల్ల మీద పెట్టి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"ఈ చాటింపు ఏసే అకల్ ఎవరికొచ్చింది?"

"నాదే సాబ్."

"షాబాష్. నీ ఖాయం సంగతి వచ్చే సాలు చూద్దాం." తనిఖీ పుస్తకంలో ఏం రాశారో తెలుసా? "ఈ బడిలో ఫెయిలైన విద్యార్థుల హాజరు నూటికి నూరు."

ప్రధానం ఏడాది వాయిదా పడింది. ఆ ఏడాదంతా మామగారు కాబోయే పెద్దమనిషి నన్ను చూసినప్పుడల్లా డప్పు వాయిస్తున్నట్టు వేళ్లు ఆడించేవాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అదైనా భరించాను. మళ్లీ పరీక్షలొచ్చేసరికి తల్లిదండ్రులు కోడిగుడ్లు, సొరకాయలు పట్టుకుని నా గుమ్మం ముందు బారులు తీరారు.

"పంతులూ, నీ కాల్మొక్త. మా పోరడు ఒక్కడే కొడుకు. జర ఫెయిల్ జెయ్యి!"

అందుకే అయ్యలారా, అమ్మలారా, బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఏ సర్కారు ఏ హుకుమిచ్చినా సరే, ఇక నా ప్రాణముండగా ఎవరైనా పాసైతే ఆ సంగతి వాళ్ల చెవిలోనే చెబుతాను. అదీ తలుపు వేసి, మెల్లగా, "భయపడకు నాయనా" అన్నాకే.