నిమ్మకాయల దండ వెనక

ఇది తొంభైల్లో మాట. మా ఆయన సూర్యాపేటలో కిరాయికి తిప్పే తెల్లకారుకు ఏసీ బిగించాడు. మా బజారులో ఏసీ కారు మాదొక్కటే. పెళ్ళిళ్ళవాళ్ళూ, హైదరాబాద్ దవాఖానకు పోయేవాళ్ళూ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. కారు నడిపేది మా తమ్ముడు. చివ్వెంల నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు.

ఆ ఎండాకాలం ఏసీలో గ్యాస్ నిలిచేది కాదు. కోదాడలో పోయించుకొస్తే కొన్నాళ్ళకే వేడిగాలి. మళ్ళీ కోదాడ, మళ్ళీ వేడిగాలి. అక్కడి మెకానిక్ బానెట్ కింద అంతా వెతికి, మా ఆయనతో మెల్లగా అన్నాడట: "లీకెక్కడా కనపడట్లేదండి. మీ వాడు ఏం చేస్తున్నాడో ఓసారి కనుక్కోండి."

ఇంకేముంది, ఆ మాట మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుంది.

"నీ తమ్ముడే ఎవనికో గ్యాస్ అమ్ముకుంటుండు" అన్నాడు, అన్నం కలుపుతూ.

"అమ్ముతే కొనేటోడు దాన్ని ఏం జేస్తడు? బువ్వ వండుకుంటడా?" అన్నాను.

నవ్వలేదు. కారు తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తమ్ముడు బండి తుడుస్తుంటే వేపపుల్ల నములుతూ చుట్టూ తిరిగేవాడు. వాడు చేతులు కడుక్కుంటే, ఎందుకు కడుక్కున్నావని అడిగేవాడు. కారుకు దిష్టి కూడా తగిలిందని ముందుభాగాన మరో నిమ్మకాయల దండ కట్టాడు. అప్పటికే రెండు ఎండిపోయి వేలాడుతున్నాయి.

చివరికి తానే మిర్యాలగూడకు తీసుకుపోయి వేరే మెకానిక్‌తో గ్యాస్ పోయించాడు. అతనికీ లీకు దొరకలేదు. తిరిగొచ్చి తమ్ముడిని పిలిచాడు.

"బామ్మర్దీ, పొద్దుగాల బస్సుకు ఊరికి పో. నువ్వు లేనప్పుడు గ్యాస్ నిలుస్తదా లేదా సూస్త."

"దొంగోన్ని జేసి పంపుతున్నవా బావా? గీ మాట బయటపడితే రేపు నాకు తాళంచెవి ఎవడిస్తడు?"

మా ఆయన మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు. వాడు సంచి సర్దుకున్నాడు.

తెల్లారి ఆదివారం. నేను తలంటుకుందామని కుంకుడుకాయలు పిసుకుతున్నాను. గిన్నె నిండా నురగ. తమ్ముడు సంచి భుజాన వేసుకుని గడప దాటుతున్నాడు. సైకిల్ ట్యూబును నీళ్ళలో ముంచితే బుడగలొచ్చే చోటే చిల్లి కదా అని అప్పుడు తట్టింది. కారును ముంచలేం. నురగనైతే పూయొచ్చు.

"ఆగురా. ఒక్క బస్సు పోతే పోనీ" అన్నాను. మా ఆయనతో, "బానెట్ లేపుండ్రి. గ్యాస్ నిన్ననే పోసిండ్రు గద" అన్నాను.

"కారుకు తలంటు పోస్తవా?" అని గొణుగుతూనే లేపాడు.

పైపులన్నిటికీ నురగ రాశాను. ఏ అతుకు దగ్గరా బుడగ లేదు. మా ఆయన తమ్ముడి ముఖం వైపే చూస్తున్నాడు. కారు ముందున్న జాలీ దగ్గర మాత్రం నా చెయ్యి ఆగింది. అక్కడ నిమ్మకాయల దండలున్నాయి. ఇంకొకరి దిష్టిని ముట్టుకుంటే మనకు చుట్టుకుంటుందని ఎవరూ దాని జోలికి పోరు. అప్పుడే తెలిసింది, ఇద్దరు మెకానిక్‌లూ అక్కడ చెయ్యి పెట్టి ఉండరని.

మా కారే, మా దిష్టే. దండలను పక్కకు నెట్టి వెనకాల ఉన్న సన్నటి పైపుకు నురగ పూశాను. ఒక బుడగ ఉబ్బింది. పగిలింది. అక్కడే ఇంకోటి ఉబ్బింది.

తమ్ముడు సంచి దించి వంగి చూశాడు. దారమైతే తెగుతుందని దండలను ఇనుప తీగతో కట్టారు. తీగ కొస జాలీలోంచి లోపలికి పోయి పైపుకు ఆనుకుంది. కారు కుదిపినప్పుడల్లా రాసుకుని పైపును అరగదీసింది. ఆ చుట్టూ గ్యాస్‌తో పాటు కారిన నూనె జిడ్డు, దుమ్ము.

"గీ తీగ ఎవడు గట్టిండు?" అన్నాడు మా ఆయన.

"నువ్వే గద బావా."

మా ఆయన జిడ్డును వేలితో తుడిచి, వాసన చూసి, మళ్ళీ తుడిచాడు.

"గట్టింది నేనే. కొస లోపలికి వంచిందెవడు?"

నేనూ తమ్ముడూ ముఖముఖాలు చూసుకున్నాం. ఇంకా వదల్లేదు మనిషి! తమ్ముడు వంగి సంచి అందుకోబోయాడు. అంతలో మా ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆ సంచి మీద పెట్టాడు.

"బస్సు ఎట్లాగూ పాయె. కోదాడ పోదాం, బండి తియ్యి. ఆ మెకానిక్ కొత్త పైపు ఏసేదాక నేను పక్కనే నిలబడి సూస్త."

"నన్నా, వాన్నా?"

"వాన్నేరా" అన్నాడు, జర ఆలోచించి.