ఎడమకాలి బూటు

చుల్తెమ్ నడవగా చూసినవాళ్ళు మా బయలులో తక్కువ. పక్క గుడారం దాకా వెళ్ళాలన్నా గుర్రమే. "ఆయనకు కాళ్ళున్నాయని నాకొక్కదానికే తెలుసు, అవీ వంకరే" అని అతని భార్య ఖండ్ పాలు పితుకుతూ నలుగురిలో అనేది. చుల్తెమ్ నవ్వేవాడూ కాదు, కోప్పడేవాడూ కాదు. యాభై ఎనిమిదేళ్ళు అతను లోకాన్ని జీను మీదినుంచే చూశాడు. అంత ఎత్తునుంచి చూసేవాడికి కింద మనుషులు అనుకునేవి పెద్దగా గుచ్చుకోవు.

పులి పేరిట వచ్చే ఏడాది చలికాలం అతన్ని కిందికి దించింది. ముందు మంచు కురిసింది. ఒకరోజు ఎండ కాసి పైమంచు కరిగింది. ఆ రాత్రే అదంతా గడ్డకట్టి గడ్డి మీద గాజుపెంకులా నిలిచింది. గుర్రాలు గిట్టలతో కొట్టి కొట్టి కాళ్ళు నెత్తురు చేసుకున్నాయి గాని ఒక్క పరక నోటికందలేదు. అతని ఎనభై మూడు గుర్రాలు గాలికి వీపులిచ్చి దక్షిణంగా నడిచిపోయాయి. చుల్తెమ్ మూడు రోజులు వాటి వెంట తిరిగాడు. నాలుగో రోజు ఇల్లు చేరేసరికి మిగిలింది అతను ఎక్కిన బూడిదరంగు గుర్రం ఒక్కటే. ఎడమ బూటు కుట్టు ఊడి లోపలికి మంచు దూరిన సంగతి ఖండ్ బూటు లాగినప్పుడు గాని తెలియలేదు. ఆసుపత్రిలో ఆ కాలి వేళ్ళు ఐదూ తీసేశారు. "కాలు మిగిలింది, సంతోషించండి" అన్నాడు డాక్టరు. వసంతమంతా చుల్తెమ్ సంతోషించడానికి చూశాడు, వల్ల కాలేదు.

వల్ల కాకపోవడానికి కారణముంది. గుర్రాన్ని ఎక్కేది ఎడమవైపునుంచి. రికాబులో ముందుగా పడేది ఎడమకాలు, ఒళ్ళంతా ఆ కాలి ముందుభాగం మీదే లేవాలి. కుడికాలి వేళ్ళు పోయినా పోయేవే. దేవుడు తీసుకునేటప్పుడు కూడా మనకు పనికొచ్చేదే చూసి తీసుకుంటాడు.

మూడు వందల గుర్రాల ఆసామి గల్సన్ నుంచి కబురు అప్పుడే వచ్చింది. అతని కాపరి పట్నం పోయాడు. చుల్తెమ్‌ను మించిన గుర్రాలవాడు చుట్టుపక్కల లేడని గల్సన్‌కూ తెలుసు. గడ్డి పసుపెక్కే వేళకు స్వయంగా వస్తానని, ఒక గుర్రం తెస్తానని, అది ఎక్కి చూపిస్తే మంద అప్పగిస్తానని ఆ కబురు. అది కుదిరితే బయలులోనే బతుకు. కుదరకపోతే గుడారం విప్పి పట్నంలో ఖండ్ చెల్లెలి ఇంటి కంచెలోపల వేసుకోవడమే. మూడో దారి లేదు.

ఊడిన బూటుతో ఆ పని కాదు. చుల్తెమ్ బూట్లు కుట్టే సోద్నోమ్ దగ్గరికి వెళ్ళాడు. సోద్నోమ్ ఖండ్‌కు పినతండ్రి, డెబ్బై దాటినవాడు. నోటిలో పళ్ళు పోయినా మాటలో పదును పోలేదు.

"రా అల్లుడూ. ఈ ఏడు తోళ్ళకు కరువు లేదులే. కావాల్సింది ఏరుకో" అన్నాడు. గుడారం పక్కన చలికి చచ్చిన పశువుల తోళ్ళు మనిషెత్తున పడున్నాయి.

చుల్తెమ్ మధ్యాహ్నం దాకా ఏరాడు. ఎముకలు తేలి చచ్చిన పశువు తోలు పలచన, కాగితంలా చిరుగుతుంది. బలిసి చచ్చినదాని వీపు తోలు కావాలి. బొటనవేలితో మడిచి, మడతలో తెల్ల గీత పడితే అవతల పారేశాడు. వాసన చూశాడు. చివరికి ఒక నల్లావు తోలు పట్టుకుని కూర్చున్నాడు.

"అది మీ ఆవే. ఖండ్ పంపించింది" అన్నాడు సోద్నోమ్.

"తెలుసు మామా."

"కాలు చాపు."

చుల్తెమ్ కుడికాలు చాపాడు.

"అది నేను చూసిందే. రెండోది."

చుల్తెమ్ మేజోడు తీయకుండానే ఎడమకాలు చాపాడు. ముసలాయన తన రెండు చేతులతో దాన్ని చాలాసేపు తడిమాడు. ఆ తర్వాత వెటకారం చెయ్యలేదు.

మా బూట్లకు కుడిఎడమలు ఉండవు. రెండూ ఒకే అచ్చు. ఇవాళ కుడికాలికి వేసింది రేపు ఎడమకాలికి. అలా రోజూ మార్చి వేస్తే మడమలు సమంగా అరిగి బూటు పదేళ్ళు నిలుస్తుంది. ప్రతి గుడారంలో పొద్దున్నే ఆడవాళ్ళు చేసే మొదటి పని మగవాళ్ళ బూట్లు తారుమారు చేసి పెట్టడం. బూటు ఒక పక్కకు ఒరిగిందంటే ఆ మనిషి సోమరైనా అయి ఉండాలి, కుంటివాడైనా అయి ఉండాలి. కొత్త మనిషి వస్తే మా పెద్దలు మొదట అతని ముఖం చూడరు, బూట్లు చూస్తారు.

ఇరవై రోజుల తర్వాత సోద్నోమ్ బూట్లు ఇచ్చాడు. పిక్కల దగ్గర వదులు, గుర్రం ఈడ్చుకుపోతే కాలు ఊడి బయటికి రావడానికి. లోపల దళసరి ఉన్ని మేజోడుకు చోటు. ముక్కు పైకి తిరిగి ఉంది.

"ఒక బూటు అడుగులో ఎద్దు మెడ తోలు రెండు పొరలు పెట్టా. చెక్క మాదిరి ఉంటది. నీకు వేళ్ళు చెయ్యాల్సిన పని అది చేస్తది. దీన్ని ఎడమకాలికే వెయ్యి. తడిపి, కాలి మీదే ఆరబెట్టు. నలభై రోజులకు నీ కాలు దానికి తెలిసిపోద్ది. కానీ అల్లుడూ, మార్చి మాత్రం వెయ్యబాకు. ఇంక నీకు ఏ కాలిది ఆ కాలికే."

"జనం ఏమనుకుంటారు మామా?"

"కుంటోడనుకుంటారు. కుంటోడివే గదా."

ఆ నలభై రోజులూ చుల్తెమ్ తెల్లవారకముందే లేచి మంచుబొట్లు నిలిచిన గడ్డిలో నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక అంత దూరం ఎప్పుడూ నడవలేదు. తోలు నీళ్ళు తాగి బరువెక్కేదాకా నడిచి, ఆ తడి బూట్లతోనే పొద్దంతా పని చేసుకున్నాడు. పిడకల పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, సెగ తగిలితే తోలు పగులుతుంది. సాయంత్రం గొర్రెతోక కొవ్వు పట్టించేవాడు. మొదటి వారం మడమలు పుండ్లయ్యాయి. కోసిన చోట చర్మం చిట్లి మేజోడు నెత్తురైంది. ఖండ్ దాన్ని ఉతికి ఆరేసేది. పొద్దున్నే అలవాటుగా ఆమె చెయ్యి బూట్లు మార్చబోయి, మధ్యలో ఆగేది. ఆగినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది.

పదిహేనో రోజున బూడిద గుర్రాన్ని ఎక్కబోయి పడ్డాడు. ఇరవయ్యో రోజున మళ్ళీ పడ్డాడు. ముప్పయ్యో రోజున ఎద్దు మెడ తోలు రికాబు మీద గట్టిగా నిలిచింది, ఒళ్ళు లేచింది. జీను మీద కూర్చుని చుల్తెమ్ చాలాసేపు ఎటూ కదల్లేదు. ఖండ్ బయటికొచ్చి చూసి, లోపలికి వెళ్ళి ఒక్కతే ఏడ్చింది. ఆ పది రోజులు ఆ గుడారంలో ఆశ అనేది ఉంది. నాకు తెలిసి ఆ ఏడు మా బయలులో ఆశ ఉన్న గుడారం అదొక్కటే.

గల్సన్ వస్తానన్న రోజు పొద్దున్న చుల్తెమ్ బూట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బాగా మెత్తబడ్డాయి. కానీ ఎడమ బూటు, ముక్కుకు వెనక, వేళ్ళుండాల్సిన చోట లోపలికి కుంగి ఉంది. కాలు దానికి తెలిసిపోయింది, సోద్నోమ్ చెప్పినట్టే. కళ్ళున్న ఎవడికైనా అది కనిపిస్తుంది. కుడిది నిండుగా, మొదటి రోజులాగే ఉంది.

అతను వాటిని తారుమారు చేశాడు.

"ఏంది నువ్వు చేస్తన్నది?" అంది ఖండ్.

"కుంగింది కుడికాలికేస్తే వేళ్ళు దాన్ని లేపి నిలబెడతయ్. ఇది ఖాళీగా ఉన్నా నిండుగానే కనబడతది."

"మామ చెప్పింది ఏంది?"

"మామ చూడ్డానికి రావట్లా. వచ్చేది గల్సన్."

"ఎక్కేటప్పుడు ఎట్టా మరి?"

"యాభై ఏళ్ళు ఎక్కా. ఒక్క పూట ఎక్కలేనా?"

ఖండ్ ఇంకేమీ అనలేదు. ఆ పూట అనాల్సింది. కానీ పెళ్ళయిన నాటినుంచి రోజూ బూట్లు మార్చి పెట్టిన మనిషి ఆమె. నలభై రోజుల తర్వాత అవి మళ్ళీ మారి కనబడేసరికి ఆమె మనసుకు ఎక్కడో హాయి అనిపించింది. ఆ సంగతి ఆమే తర్వాత నాతో చెప్పింది.

గల్సన్ వచ్చాడు. తను ఒక గుర్రం ఎక్కి, ఎర్రగుర్రం ఒకదాన్ని పక్కన నడిపించుకుంటూ వచ్చాడు. మా మర్యాద ప్రకారం నస్యం బుడ్లు మార్చుకున్నారు, ఉప్పు టీ తాగారు, గడ్డి సంగతి మాట్లాడుకున్నారు. గల్సన్ చూపు ఒకసారి బూట్ల మీద వాలింది. చుల్తెమ్ కుడికాలు ఇరుకులో మండిపోతున్నా ముఖం కదలనివ్వలేదు.

"ఎక్కు చుల్తెమన్నా, చూద్దాం. మొరటుదే గాని చెడ్డది కాదు" అన్నాడు గల్సన్.

చుల్తెమ్ కళ్ళెం అందుకుని, ఎడమకాలు రికాబులో పెట్టి, ఒక్క ఊపున లేచాడు. మెత్తటి అడుగు, లోపల ఏమీ లేని ముక్కు. రికాబు అంచు మీద బూటు తడిగుడ్డలా మడతపడింది. ఎర్రగుర్రం అదిరి పక్కకు గెంతింది. చుల్తెమ్ వెల్లకిలా పడ్డాడు. బూటు, కుట్టినవాడు అనుకున్నట్టే, అతని కాలిని వదిలేసింది.

గుర్రం నూరడుగులు పరిగెత్తి ఆగింది. రికాబులో ఇరుక్కున్న బూటు దాని పక్కన ఊగుతూనే ఉంది. చుల్తెమ్ ఉన్ని మేజోడులో ఉన్న కాలిని గబుక్కున తన పొడుగు అంగీ, దేల్, అంచు కింద దాచుకున్నాడు.

గల్సన్ వెళ్ళి గుర్రాన్ని పట్టుకుని, బూటు తీసి తెచ్చాడు. లోపలికి చెయ్యి పెట్టి అడుగు తడిమి చూశాడు.

"ఇది కుడికాలిది గదా అన్నా" అన్నాడు.

చుల్తెమ్ అంగీ అంచు ఇంకా కిందికి లాక్కున్నాడు.

"నీకు వేళ్ళు లేవని నాకు ఎండాకాలంలోనే తెలుసు. సోద్నోమ్ తాత చెప్పాడు. ఏ బూటు కుట్టిందీ, ఎట్టా కుట్టిందీ అంతా చెప్పాడు. దాంతో ఎక్కగలవా లేదా చూద్దామని వచ్చా. అంతే."

"ఎక్కగలను. పది రోజుల్నించి ఎక్కుతానే ఉన్నా. ఖండ్‌ను అడుగు. బూట్లు మార్చుకుని ఇప్పుడే ఎక్కి చూపిస్తా."

"ఎక్కుతావులే." గల్సన్ బూటును అతని పక్కన జాగ్రత్తగా నిలబెట్టాడు. "మంచు పడ్డ రోజు మందలో ఏం పోయిందీ, ఏం మిగిలిందీ నువ్వు చెబితేనే నాకు తెలిసేది. చిన్నదానికే దాచావు. నాకు భయమేస్తంది అన్నా."

తిట్టి ఉంటే చుల్తెమ్ తిరగబడేవాడు. గల్సన్ ఎర్రగుర్రాన్ని నడిపించుకుని వెళ్ళిపోయాడు. ఖండ్ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కుడికాలి బూటు లాగి, ఏ కాలిది ఆ కాలికి తొడిగింది. అప్పుడు అతను బూడిద గుర్రాన్ని ఎక్కాడు. మొదటిసారికే ఎక్కాడు. చూడ్డానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

పది రోజుల్లో గుడారం విప్పారు. బూడిద గుర్రాన్ని సోద్నోమ్ దగ్గర వదిలారు. పట్నంలో కంచెల మధ్య, పొగలో, చుల్తెమ్‌కు ఒక సిమెంటు గోదాము గేటు దగ్గర కాపలా దొరికింది. కిందటి చలికాలం నేను చూడబోయాను. కాళ్ళకు అవే బూట్లు. తోలు ఇప్పుడు అతని చర్మమంత మెత్తబడింది. అంత బాగా కాలికి కుదిరిన బూట్లు నేను వేరే చూడలేదు, అవి మరొకరి కాలికి పనికిరావు కూడా. కుంగిన చోటు కుంగినట్టే ఉంది. అతను దాచుకోవడం లేదు. పట్నంలో ఎవరూ బూట్లు చూడరు.

డ్యూటీకి వెళ్తుంటే నేనూ తోడు వెళ్ళాను. బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు, మెట్టు మీద గడ్డకట్టిన మంచు. చుల్తెమ్ ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, ఎడమకాలు మెట్టు మీద వేసి, ఒక్క ఊపున లేచాడు.

"జాగ్రత్త అన్నా, జారుద్ది" అన్నాను వెనకనుంచి.

"జారదు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ జారలేదు" అన్నాడు.