కనబడని అతుకు

బాన్సువాడలో రైసుమిల్లు సామాను ఏది విరిగినా సత్తార్ లేత్ షాపుకే వస్తుంది. పని అయ్యాక, అతుకు ఎక్కడుందో పట్టుకోమని గిరాకీతో పందెం కాయడం అతని సరదా. గెలిచేది ఎప్పుడూ అతనే. పనితనం ఉన్నవాడికి ఆ మాత్రం పొగరుంటే తప్పేముంది?

ఆ పొగరే ఒకసారి కొంప మీదికి తెచ్చింది. పక్కూరు రుద్రూర్ ఆడబిడ్డ ప్రసన్న హైదరాబాదులో ఇంజనీరు. ఆమె కంపెనీ అణువిద్యుత్ కేంద్రానికి వాల్వులు పంపుతుంది. పైవాళ్ళు వద్దంటున్నా తన మాట మీద కొన్ని వాల్వుల లేత్ పని సత్తార్‌కు ఇప్పించింది. సత్తార్ ఆ సంగతి ఊరంతా చాటుకున్నాడు.

పని చేస్తుంటే ఒక వాల్వులో, పోతపోసినప్పుడు పడ్డ చిన్న గాలిబొక్క బయటపడింది. మిల్లు సామానుకు చేసేదే దీనికీ చేశాడు. వెల్డింగుతో పూడ్చి నున్నగా అరగదీశాడు. మంచి వాల్వును పారెయ్యకుండా కాపాడానని మురిసిపోయాడు.

సరుకు కోసం ప్రసన్న రాగానే పందెం కాశాడు.

"వీటిల ఒకదానికి అతుకుంది. ఏదో చెప్పు చెల్లే!"

ఆమె ముఖం పాలిపోయింది.

"అన్నా, గిది వడ్లమిల్లు కాదు. ఎన్నేండ్లకు పగిలినా, లోపల లోపం ఉండెనని తేలితే ఇచ్చినోళ్ళదే పూచీ. మాకు కనబడలేదంటే నడవది. గాడ పగిలితే ఎంతమంది పానం మీదికొస్తదో! ఏదో చూపియ్యి, పక్కకు పెడ్తా."

సత్తార్ నవ్వుతూనే వంగాడు. ఒక్కో వాల్వునూ వెలుతురుకు తిప్పాడు, గోటితో గీరాడు. నవ్వు ఆగిపోయింది. ఎక్కడ అతికాడో అతనికే దొరకలేదు.

"హైదరాబాదుల ఎక్స్‌రే తీస్తే దొరుకుతదేమో," అంది ప్రసన్న దిగులుగా. "ఆర్డరన్నా మిగులుతది."

"దొరక్కపోతే?" సత్తార్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "ఒక్కటి గూడ పోనియ్యకు చెల్లే."

అన్నిటినీ తన చేత్తోనే కోసేశాడు. ప్రసన్నకు చీవాట్లు పడ్డాయి, ఆ పని మళ్ళీ బాన్సువాడకు రాలేదు.

మొన్న మిల్లు పండరి తన పుల్లీ తీసుకుపోతూ మూతి విరిచాడు. అతుకు గరుకుగా, ఎత్తుగా, దూరం నుంచే కనబడుతోంది.

"ఏంది సత్తారన్నా, చెయ్యి మొద్దుబారిందా?"

ఆ మాట సత్తార్‌కు గుచ్చుకుంది. గ్రైండరు పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

"అతుకు గీడ ఉంది," అని వేలు పెట్టి చూపించాడు. "మిల్లు షురూ చేసే ముందు రోజూ చూస్కో పండరీ."