కొండ చుట్టూ తిరిగిన కబురు

మొన్న శివరాత్రికి కోటప్పకొండలో మా అత్తయ్య ఎన్నిసార్లు తప్పిపోయారో అడగండి! నిజానికి తప్పిపోయింది ఒక్కసారే. మిగతావన్నీ నా చలవ.

పెద్దకొడుకుతో కలిసి దర్శనం చేసుకోవాలని అత్తయ్య మొక్కు. మోకాళ్ళ నొప్పులు, లైన్లో నిలబడలేరు. అందుకని మా వారు ముందే పైకెళ్ళి లైన్లో ఉండాలి. గుడి దగ్గరపడగానే కబురు చేస్తే నేను అత్తయ్యను జీపులో తీసుకెళ్ళాలి. ఆ జనసముద్రంలో ఫోన్లు కలవవు, మరి కబురెట్లా? మా మరిది సాంబశివం కాలేజీలో రేడియో పాఠాలు చెబుతాడు. పర్మిషన్ తీసుకుని నాలుగు వైర్‌లెస్ సెట్లు తెచ్చాడు. కింద నేను, పైన మా వారు, మెట్ల మీద తను, ప్రభల దగ్గర రేడియో మెకానిక్ మస్తాన్ అన్నయ్య.

"సెట్టు మాట దూరం పోదు వదినా. దగ్గరున్నవాళ్ళు అందుకుని మళ్ళీ చెప్పాలి. టవర్లు లేవు, మనమే టవర్లం! ఎవరెటు తిరుగుతున్నా ఇంకెవరికో అందుద్ది. విన్నది విన్నట్టు చెప్పెయ్. అక్షరం మార్చొద్దు, ఆపొద్దు!"

నాకు చెప్పాలా! మా వంశంలో ఎవరి తద్దినం ఏ తిథో, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో ఇంటింటికీ అందించేది నేనేగా.

కొండకేసి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. తెరిచేసరికి అత్తయ్య లేరు! బటన్ నొక్కి, "ఏవండీ, మీ అమ్మగారు కనపడటం లేదు!" అన్నాను. తిరిగి చూస్తే గాజుల కొట్టు ముందు బేరమాడుతున్నారు. "దొరికారండీ!" అని వెంటనే ఇంకో కబురు పంపి, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. ఒడ్డున పడ్డాననుకున్నాను.

కాసేపటికి సెట్టులో మస్తాన్ అన్నయ్య గొంతు: "ఏవండీ, మీ అమ్మగారు కనపడటం లేదు!"

నా కబురే! కొండెక్కి, దిగి, నా దగ్గరకే వచ్చింది. ఉన్నదున్నట్టు మళ్ళీ చెప్పేశాను.

"ఏమే, నేనీడే ఉన్నా గదే!" అన్నారు అత్తయ్య.

"ఉన్నారత్తయ్యా. కానీ ఆపొద్దన్నాడు కదా."

దాని వెనకే 'దొరికారండీ' వచ్చింది. అదీ పంపాను. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. పైవాళ్ళు కూడా నాలాగే మాట తప్పని మనుషులాయె!

మిట్టమధ్యాహ్నం మా వారు చెమటతో తడిసి ముద్దయి, సాంబశివాన్ని వెంటేసుకుని దిగొచ్చారు.

"అమ్మా! ఎక్కడికి పోతున్నావే మాటిమాటికీ?"

"నేనెక్కడికి పోయాన్రా? నీ పెళ్ళాం పక్కనే కూర్చుని ఉంటిని!"

"లేదంటే లైనొదిలి వెతకటం, దొరికిందంటే పోయి మళ్ళీ చివర నిలబడటం! గుడి గడప దాకా పోయి వెనక్కొచ్చా!"

సాంబశివం తల పట్టుకున్నాడు. "ఒకసారి చెప్పిన కబురు మళ్ళీ వస్తే ఆపెయ్యాలి వదినా. ఆ ముక్క చెప్పటం మర్చిపోయా."

అంతలో నా చేతిలో సెట్టు గరగరమంది. "ఏవండీ, మీ అమ్మగారు..."

బొటనవేలు బటన్ మీదికి పోయింది. నోరు తెరిచాను. అత్తయ్య, స్వామికని తెచ్చిన బుట్టలోంచి అరటిపండు తీసి, ఒలిచి, నా నోట్లో కుక్కారు.

దీపాల వేళకు వాళ్ళ దర్శనమైంది. మంచినీళ్ళయినా ముట్టని నా ఉపవాసం మాత్రం మధ్యాహ్నమే అయిపోయింది.