‘ముందు అర్థం కానియ్యి’ అన్న టీచరమ్మ

మా మూడో తరగతి టీచరమ్మ మొన్న ఆదివారం కరీంనగర్‌లో, కూతురింట్లో కన్నుమూశారు. ఆ కూతురే ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. అరచేతులకు చెమట పట్టింది. చిన్నప్పుడు తెలుగు వాచకం పట్టుకుని నా వంతు కోసం భయపడుతూ కూర్చున్నప్పుడు అలాగే పట్టేది.

డెబ్బయ్యో దశకం మొదట్లో బొగ్గుబాయిలో పని దొరికి, మా బాపు మమ్మల్ని ఆదిలాబాద్ అవతలి ఊరి నుంచి కార్మికుల కాలనీకి తీసుకొచ్చాడు. ఇంట్లో మాది మరాఠీ, బడిలో అంతా తెలుగు. అక్షరాలైతే పట్టుకున్నాను గానీ, కూడబలుక్కుంటే వచ్చిన మాట ఏమిటో తెలిసేది కాదు. అర్ధసంవత్సర పరీక్ష తప్పితే అమ్మమ్మ ఊరికి పంపేస్తానన్నాడు బాపు. అక్కడ బడి లేదు.

అంతకుముందున్న సారు ఒక్కొక్కరిని నిలబెట్టి చదివించేవారు. టీచరమ్మ వచ్చిన కొత్తలో ఎవరినీ లేపలేదు. వాచకం తెరవకముందే పాఠంలోని బొమ్మ చూపించి, “మీ ఇండ్లల్ల దీన్నేమంటరు?” అని అడిగేవారు. మేం చెప్పిన మరాఠీ, హిందీ మాటలను నల్లబల్ల మీద తెలుగు మాట పక్కనే రాసేవారు. తర్వాత తాను నెమ్మదిగా చదువుతుంటే మేం వేలు పెట్టి వెంట పోయేవాళ్లం. ఆ పైన ఇద్దరిద్దరం గుసగుసగా చదువుకోవాలి.

ఒకరోజు ‘ఆవు దూడను నాకింది’ అని తప్పు లేకుండా చదివాను.

“ఏం సమజైంది?” అన్నారు.

“ఆవు నాకు దూడను ఇచ్చింది.”

ఆమె నవ్వలేదు. “నీ తప్పు కాదు బిడ్డా, గా మాటే గట్లుంది,” అంటూ తన ముంజేతిని నాలుకతో నాకి చూపించారు. తరగతంతా పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. “సదువుడు ఏడికి వోతది? ముందు అర్థం కానియ్యి,” అన్నారు.

పరీక్షకు వారం ముందు ఇన్‌స్పెక్టర్ సారు వచ్చారు. నల్లబల్ల చూసి, “ఇది తెలుగు క్లాసేనా?” అని నన్నే లేపారు. ‘ముసలమ్మ దారి తప్పింది’ అని ఆగి ఆగి చదివాను.

“అంటే ఏంది?”

తెలుగులో మాట దొరకలేదు, మరాఠీలోనే వచ్చింది. “మ్హాతారీ వాట్ చుక్‌లీ,” అన్నాను.

“తెలుగుల చెప్పరాదా?”

“సార్, పిల్లకు అర్థమైంది,” అన్నారు టీచరమ్మ. “తెలుగుల చెప్పుడు వెనుకొస్తది. జర టైమియ్యండి.”

ఆయన రిజిస్టరులో ఏదో రాసి వెళ్లిపోయారు. టీచరమ్మ చేతిలో సుద్దముక్క విరిగింది.

“నా వల్లనా టీచరమ్మా?”

“కాదు బిడ్డా. నాగ్గూడ భయమైంది. గని నువ్వు చెప్పింది సరిగ్గనే ఉంది.”

నల్లబల్ల మీది మరాఠీ మాటలను ఆమె చెరపలేదు.

పరీక్ష గట్టెక్కాను, అత్తెసరు మార్కులతోనే. బాపు మళ్లీ అమ్మమ్మ ఊరి మాటెత్తలేదు. కానీ ఏడాది తిరగకముందే టీచరమ్మకు బదిలీ అయింది. ఆ రిజిస్టరు రాత వల్లేనా? తర్వాత ఎన్నోసార్లు కలిశాను, నేనూ టీచరునయ్యాను. ఆ ఒక్క మాట అడిగే ధైర్యం మాత్రం చేయలేకపోయాను. ఇక అడగలేను.

బడి ముందు బొగ్గు లారీల రోడ్డుండేది. సాయంత్రం గంట కొట్టగానే ఆమె గేటు దగ్గర నిలబడి, పెదవులు కదుపుతూ మమ్మల్ని లెక్కపెట్టేవారు. చివరి పిల్ల అవతలికి చేరేదాకా, కొంగంతా నల్లటి దుమ్ము పడుతున్నా, అక్కడి నుంచి కదిలేవారు కాదు.