పక్కింటి తాత పటాలు

నా చిన్నప్పుడు నాందేడులో మేమున్న గల్లీలో తెలుగు మాట్లాడే ఇల్లు మాది కాక పక్కింటి తాతది ఒక్కటే. మా అమ్మ పోయాక మా నాన్న అదే జిల్లాలోని హిమాయత్‌నగర్ దగ్గరి మా ఊరు వదిలి, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలికి కుదిరి, నన్నూ మా అవ్వనూ అక్కడికి తెచ్చాడు. నాకింకా మరాఠీ రాదు. గల్లీ పిల్లలు ఆడుతుంటే గడప మీద కూర్చుని చూసేదాన్ని. పిలవరని తెలిసినా చూసేదాన్ని.

పక్కింటి తాత రిటైరైన బడిపంతులు, ఒంటరివాడు. ఆయనకొక పిచ్చి ఉండేది. పాత కాగితాలు కొనే రద్దీ దుకాణాల్లో చెదలు తిన్న విలాయతీ పుస్తకాలు వెతికి, వాటిలోని రచయితల బొమ్మలను పటం కట్టించి గోడ నిండా వేలాడదీసేవాడు. అవి ఫోటోలు కావు. రేకు మీద సన్నని గీతలు చెక్కి అచ్చు వేసిన పాతకాలపు ముఖాలు. భూతద్దం ఇచ్చి చూడమనేవాడు. గడ్డమంతా గీతలే, కళ్లూ గీతలే. చాలావాటికి కింద పేరున్న ముక్క చిరిగిపోయి ఉండేది. వాళ్లెవరో ఆయనకూ తెలియదు. ఆ గదిలో ఉన్నంతసేపూ నాకు దిగులుండేది కాదు.

పెత్రమాస నాడు, అంటే పోయినవాళ్లకు పెట్టుకునే రోజున, అవ్వ గారెలు వండి నన్ను వెంటబెట్టుకుని ఆయనింటికి వెళ్లింది. తాత పాలకు పోయాడు, తలుపు తీసే ఉంది. అవ్వ ఆ గోడను చూడడం అదే మొదలు.

"అయ్యో, గింతమంది పోయిన్రా ఈయనింట్ల! బొట్టు పెట్టెటోళ్లు గూడ లేకపాయె" అని కళ్లొత్తుకుంది. నాతో కుంకుమ తెప్పించి, వరసగా అద్దాల మీద అందరికీ బొట్లు పెట్టింది. గడ్డాల దొరలు పెళ్లికొచ్చిన వియ్యంకుల్లా తయారయ్యారు. బల్ల మీద కలం పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ, పక్కనే దానికోసం తెచ్చిన కొత్త ఫ్రేము ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే అవ్వ ఆమె నుదుట, కాగితం మీదే బొట్టు దిద్దేసింది.

తాత వచ్చాడు. ఇక నన్ను ఆ ఇంట్లోకి రానివ్వడనుకున్నాను. ఆయన గోడంతా కలియజూసి, "ఎవరి కొడుకులో ఏమో. ఇయ్యాల యాది చేసెటోళ్లు దొరికిన్రు" అని నవ్వాడు. బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. వేలితో తుడవబోయి మానుకున్నాడు.

నాకెక్కడి ధైర్యమో వచ్చింది. "ఖరాబయింది గద తాతా, నాకియ్యి. మా అమ్మ అని గోడకు పెట్టుకుంట" అన్నాను. మా అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ముఖం నాకు అప్పటికే కొంచెం కొంచెం చెరిగిపోతోంది.

తాత ఆ బొమ్మను తీసి పక్కన పెట్టాడు. "ఇయ్య బిడ్డా. రోజు గీమెను చూస్తివనుకో, రేపు అమ్మ అంటే గీమె మొఖమే యాదికొస్తది. గప్పుడు మీ అమ్మ నిజంగ పోతది" అన్నాడు.

నేను ఏడ్చాను. అప్పుడాయన ఆ కొత్త ఫ్రేముకు అద్దం బిగించి, లోపల ఏమీ పెట్టకుండానే నా చేతికిచ్చి, "మీ అమ్మ ఎట్లుండెనో చెప్పు" అన్నాడు. చెంప మీద పొయ్యి దగ్గర కాలిన మచ్చ, చిన్న ముక్కుపుల్ల, నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం, అన్నీ చెప్పాను. మరిచినవి అవ్వ అందించింది. చివరికి ఆ ఖాళీ అద్దం మీద తనే బొట్టు పెట్టింది.

ఆ పటం ఇప్పటికీ మా గోడకే ఉంది. ప్రతి పెత్రమాసకూ బొట్టు పెడతాను. ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. ఎవరైనా వస్తే ఇందులో బొమ్మ ఏదని అడుగుతారు. చెంప మీది మచ్చ దగ్గర మొదలుపెట్టి చెబుతాను. ఎవరూ రాని ఏడాది పటానికే చెప్పుకుంటాను.